ఒక్క ఇంట్లో ఇద్దరు

పెత్రమాస. పొద్దున్నే మా మేనమామ అత్తమ్మ పేరు మీద బియ్యం, పప్పు, కూరగాయలు ఇచ్చి వచ్చాడు. సాయంత్రానికి ఎంగిలిపూల బతుకమ్మ. గంభీరావుపేటలో ఏ వాకిట్లో చూసినా గునుగు, తంగేడు కుప్పలు. నర్మాల దగ్గర ఎగువ మానేరు మత్తడి దుంకుతోందని పిల్లలు చెప్పుకుంటున్నారు. ఇంటికొకరు జ్వరంతో ముసుగు తన్ని పడుకున్న వానకాలం అది.

అత్తమ్మ 2021 మే నెలలో కరోనాతో పోయింది. యాభై రెండేళ్ళు. బీడీలు చేసేది. సుగరు ఉండేది. అదే అర్రలో, ఆమె పక్క మంచంలో పడుకున్న మామకు ఆ నెలంతా ముక్కు కూడా కారలేదు. ఆ ముచ్చట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఆ రోజు మామే ఎత్తాడు. ఎదురుగా మా అక్క కూర్చుని ఉంది. ఆమె ఏఎన్‌ఎం. సెకండ్ వేవ్‌లో ఆశా కార్యకర్తలతో కలిసి గడప గడపకూ తిరిగి జ్వరం సర్వే చేసిన మనిషి. నేను అరుగు చివర ఉన్నాను. అడిగినప్పుడు చదివింది చెప్పాను, మిగతా సేపు విన్నాను.

మామ: ఒక్క కుండల తిన్నం, ఒక్క అర్రల పన్నం. గాలి ఒక్కటే, నీళ్ళు ఒక్కటే. దానికి అంటుకున్నది, నాకు అంటలే. ఇంకేం జెప్తవ్ బిడ్డా? దాని ఒంట్ల బలం లేకుండె. నాది ముప్పై ఏండ్లు సాంచెల కాడ నిలవడ్డ ఒళ్ళు.

అక్క: రెండు ముచ్చట్లను ఒక్కటి జేస్తున్నవ్ మామా. అంటుకునుడు ఒకటి. అంటుకున్నంక ముదురుడు ఇంకొకటి. అత్తమ్మకు సుగరు ఉండె, నిజమే. రోగం లోపటికొచ్చినంక సుగరు దాన్ని ముదిరిస్తది. దర్వాజ తీసి లోపటికి పిలిచింది మాత్రం సుగరు కాదు.

మామ: రెంటికి తేడా ఏంది? పోయిన మనిషి పోయింది గదా.

అక్క: సాంచ మీద పోగు తెగుతది. ఎందుకు తెగిందన్నది ఒక లెక్క. తెగినంక సాంచ ఆగకపోతే గుడ్డ ఖరాబయితది, అది ఇంకో లెక్క. రెండిటినీ కలిపి జెప్తే నీ ఆసామి ఊకునేటోడా?

మామ ఏమీ అనలేదు. సిరిసిల్లలో ఇరవై ఏళ్ళు, అంతకు ముందు భీవండిలో పదేళ్ళు సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపిన మనిషికి ఆ మాట ఎక్కడ తాకాలో అక్కడ తాకింది. నాకు మాత్రం ఇది మాటల్లో తేడాలా అనిపించలేదు. మహమ్మారి రోజుల్లో టీవీలు, పేపర్లు, ఆఫీసుల బోర్డులు అన్నీ 'ఎవరికి ప్రమాదం' అని ఒకే జాబితా ఇచ్చాయి: అరవై దాటినవాళ్ళు, సుగరు, బీపీ, కిడ్నీ జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, స్థూలకాయం. రోగం వచ్చాక ఎవరు ఆసుపత్రి దాకా పోతారో చెప్పే జాబితా అది. ఆ పనికి సరైనదే. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు అధికారులతో కలిసి పరిశోధకులు 84,965 మంది రోగులనూ, వాళ్ళకు దగ్గరగా మసిలిన 5,75,071 మందినీ లెక్కగట్టి 2020లో 'సైన్స్' పత్రికలో ఒక అధ్యయనం వేశారు. అందులో 5 నుంచి 17 ఏళ్ళ వయసు రోగుల్లో మరణాలు 0.05 శాతం. 85 దాటినవాళ్ళలో 16.6 శాతం. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరం వయసుది. ఆ పదిహేడేళ్ళ పిల్లవాడికి అసలు రోగం అంటుకోదని మాత్రం ఆ లెక్క చెప్పదు. మన ఊళ్ళలో అందరం దాన్ని అలాగే చదువుకున్నాం. ముసలోళ్ళకే వస్తుందని పడుచువాళ్ళు తిరిగారు. సుగరున్నవాళ్ళకే వస్తుందని లేనివాళ్ళు తిరిగారు.

మామ: సరే, ముదురుడు ఇడిసిపెట్టు. అంటుకునుడు గురించే జెప్పు. నాకెందుకు అంటలే? నాది ఓ గ్రూపు రక్తం. ఓ గ్రూపోళ్ళకు రాదన్నరు.

అక్క: రాదని ఎవలనలే. జర తక్కువ అని కొన్ని లెక్కలల్ల తేలింది. ఆ జర ఎంతంటే, దాన్ని నమ్ముకొని ఒక్క మాస్కు సుత తీసేసుడు తప్పు.

మామ: కల్లు తాగిన, అంబలి తాగిన, ఎండల తిరిగిన. అదేం లేదంటవా?

అక్క: అంబలి మంచిదే, తాగు. మల్ల ఒక ముచ్చట అడుగుత. చికెన్‌గున్యా యాదికున్నదా?

మామ: ఎందుకు లేదు. రెండు వేల ఆరు. ఆర్నెల్లు మోకాళ్ళు వంగలే. గోడ పట్టుకొని లేసిన.

అక్క: అత్తమ్మకు వచ్చిందా?

మామ: దానికి రాలే.

అక్క: అప్పుడు ఏమైంది నీ గట్టి ఒళ్ళు? అదే ఇల్లు, అదే కుండ, అదే నువ్వు. వయసు సుత పదిహేనేండ్లు తక్కువ. నీకొచ్చింది, అత్తమ్మకు రాలే.

ఇక్కడ మామ చాలా సేపు ఆలోచించాడు. అక్కే అందుకుంది.

అక్క: నువ్వప్పుడు రాత్రి పాలి చేస్తుంటివి. పొద్దున వచ్చి, కిటికి తెరిచి, పగలంత పండేటోనివి. చికెన్‌గున్యా తెచ్చే దోమ పగటి దోమ. తెల్లారగట్ల, మాపటీలి ఎక్కువ కుడతది. అత్తమ్మ పగలు ఊర్ల మస్తు మందితోని చెట్టు కింద కూసోని బీడీలు చేస్తుండె. చేతులు ఆడుతుండె, కాళ్ళు ఆడుతుండె. పండుకున్నోన్ని కుట్టినంత అలకగ ఆమెను దోమ కుట్టలే. నీ ఒంటికి వచ్చిన రోగం కాదది, నీ పాలికి వచ్చిన రోగం.

మామ: అందుకే గదా కిటికికి మొలలు కొట్టిన.

నేను తల ఎత్తి చూశాను. ఆ అర్రకు ఒకటే కిటికీ. 2006లో మోకాళ్ళ నొప్పులు తగ్గాక మామ స్వయంగా రెక్కలు మూసి మొలలు దిగగొట్టిన కిటికీ. అప్పటి నుంచి తెరిచింది లేదు. 2021 మే నెలలో ఇద్దరూ పడుకున్నది ఆ అర్రలోనే. ఒక వైరస్ నుంచి కాపాడుకోవడానికి వేసిన మొలలు ఇంకో వైరస్ వచ్చిన నాడు ఇద్దరి ఊపిరినీ ఒకే గదిలో బంధించాయి. దోమ మోసుకొచ్చే రోగానికి మూసిన కిటికీ మేలు. గాలి మోసుకొచ్చే రోగానికి తెరిచిన కిటికీ మేలు. ప్రమాదం మనిషిదని అంటాం గానీ, రోగం మారగానే అదే మనిషికి ప్రమాదం చోటు మారిపోతుంది.

మన తెలుగులో 'గండం' అనే మాట ఉంది. ఫలానా వాడికి నీళ్ళ గండం, ఫలానా పిల్లకు అగ్ని గండం అంటారు. గండం మనిషి నుదుట రాసి ఉంటుందని, చెరువులో కాదని ఆ మాట వెనక ఉన్న నమ్మకం. మత్తడి దుంకుతున్నప్పుడు దాటబోయిన వాడు కొట్టుకుపోతే మనం మత్తడిని చూడం, జాతకం చూస్తాం. కరోనా కాలంలోనూ మాటలు కొత్తవే గానీ చూపు పాతదే అయింది. ఇమ్యూనిటీ తక్కువ అన్నాం, గండం ఉంది అన్నట్టే.

మామ మాత్రం తగ్గలేదు. ఆయన దగ్గర ఇంకొక గట్టి మాట ఉంది.

మామ: మరి మా పోరడు దుబాయిల ఉండె. క్యాంపు రూముల ఎనిమిది మంది. మంచం మీద మంచం. ఏసీ రూము, కిటికి తెరిచే ముచ్చటే లేదు. ముగ్గురికి అచ్చింది. అయిదుగురికి రాలే. ఒక్కటే గాలి గదా బిడ్డా. గాలిదే తప్పయితే ఎనిమిది మందికి రావాలె. ఒంట్ల ఏదో ఉన్నది. లేదనకు.

అక్క: లేదంటలే. తమ్మీ, ఆ లండన్ ముచ్చట మామకు చెప్పు.

చెప్పాను. 2021లో ఇంగ్లండులో ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 36 మంది పడుచువాళ్ళను, 18 నుంచి 29 ఏళ్ళ లోపు వాళ్ళను, ఒప్పించి ఆసుపత్రి గదుల్లో ఉంచారు. అంతకుముందు రోగం రానివాళ్ళు, టీకా వేసుకోనివాళ్ళు. కొలిచి కొలిచి ఒకే మోతాదు వైరస్‌ను చుక్కగా ముక్కులో వేశారు. లెక్కలోకి తీసుకున్న 34 మందిలో 18 మందికి అంటుకుంది. మిగతా 16 మందిలో రోగం నిలవలేదు. గాలి తేడా లేదు, మోతాదు తేడా లేదు, వయసు తేడా లేదు. అయినా సగం సగం.

మామ: ఇగో! నేనన్నదే గదా ఇది!

అవును, ఆయన అన్నదే. అక్క కూడా కాదనలేదు. కొందరి ముక్కు లోపలి పొర ముందే అప్రమత్తమవుతుంది. కొందరిలో పాత జలుబుల జ్ఞాపకం పనికొస్తుంది. కొందరికి పుట్టుకతో వచ్చిన జన్యువులు తోడుంటాయి. ఇంతవరకు మామ గెలిచాడు.

అక్క: ఒంట్ల ఉన్నది, ఒప్పుకుంటున్న. అది ఎవలకున్నదో ముందుగాల ఎట్ల కనవడతది? ఆ పదహారు మంది మొకాల మీద రాసున్నదా? మస్తు బలంగున్నోళ్ళు పద్దెనిమిది మందిల లేరా? దండబైఠక్‌లు తీసేటోళ్ళు సెకండ్ వేవ్‌ల పోలేదా? నువ్వు బలం అంటున్నది కండల బలం. దానికి దీనికి పొంతనే లేదు.

మామ: జన్యువులంటున్నడు గదా తమ్ముడు. అవ్వి చూస్తే తెల్వదా?

ఇక్కడ ఒక విషయం చెప్పాలనిపించింది. 2020లో స్వాంటే పాబో, హ్యూగో జేబెర్గ్ అనే శాస్త్రవేత్తలు ఒక సంగతి కనిపెట్టారు. వేల ఏళ్ళ కిందటి నియాండర్తల్ మానవుల నుంచి మనకు సంక్రమించిన ఒక జన్యు ముక్క కరోనాను ముదిరేలా చేస్తోందనీ, దక్షిణాసియాలో సుమారు సగం మందిలో అది ఉందనీ. పాబోకు 2022లో నోబెల్ వచ్చింది, ప్రాచీన మానవుల జన్యువులపై చేసిన పనికి. ఆ వార్త చదివి చాలామంది భయపడ్డారు, మనవాళ్ళకు ఇది రాసిపెట్టి ఉందని. అయితే 2021లో హైదరాబాదు సీసీఎంబీ, బనారసు హిందూ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు మన జనం లెక్కలు తీసి చూశారు. యూరపువాళ్ళలో కీడు చేసినట్టు ఆ ముక్క మన దగ్గర చేస్తున్నట్టు వాళ్ళకు కనబడలేదు. జన్యువు చెప్పే జోస్యం కూడా ఊరు మారితే మారుతుందన్నమాట.

అక్క: ఒంట్ల ఉన్నదాన్ని డాక్టర్లే ముందుగాల చెప్పలేరు. బయట ఉన్నదాన్ని నేను సుత చెప్పగలను. రూమెంత? కిటికి ఉన్నదా? ఎంతమంది? ఎన్ని గంటలు? మెల్లగ మాట్లాడుతున్నరా, మొత్తుకుంటున్నరా? గీ అయిదు అడుగుత. ఇగ నాకు నీ రక్తం గ్రూపుతోని పని లేదు.

మామ: మొత్తుకునుడు ఎందుకు?

అక్క: ఊపిరి తోని సన్నటి తుంపర వస్తది. మాట్లాడితే ఎక్కువ. మొత్తుకుంటే ఇంకా ఎక్కువ. సాంచెల షెడ్డుల మీరెట్ల మాట్లాడుకునేటోళ్ళు?

మామ నవ్వాడు. ఆ సాయంత్రం మొదటిసారి. సాంచెల షెడ్డులో పక్క మనిషికి మాట వినబడాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. సిరిసిల్ల వీధుల్లో నడిచినవాళ్ళకు ఆ టకటక తెలుసు. లోపల పన్నెండు గంటలు నిలబడ్డవాళ్ళకు ఇంకా బాగా తెలుసు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో 2020 మార్చి 10న ఒక భజన బృందం లాంటిది, కలిసి పాటలు పాడేవాళ్ళు, మూసిన గదిలో రెండున్నర గంటలు సాధన చేశారు. వచ్చినవాళ్ళు 61 మంది. జబ్బు పడ్డది 53 మంది. ఇద్దరు చనిపోయారు. వాళ్ళందరి ఒళ్ళూ ఒకే రోజు బలహీనపడిందా? ఆంధ్ర, తమిళనాడు అధ్యయనంలోనే ఇంకో లెక్క ఉంది. రోగితో ఒకే ఇంట్లో ఉన్న వాళ్ళలో అంటుకున్నది వందకు తొమ్మిది మందికి. రోగితో ఒకే బండిలో ఆరు గంటలకు పైగా ప్రయాణం చేసినవాళ్ళలో వందకు డెబ్భై తొమ్మిది మందికి. చిన్న గుంపు మీద తీసిన లెక్కే అది, అయినా నేను దాన్ని పదేపదే చదివాను. ఇంట్లోవాళ్ళలో చాలామంది రక్త సంబంధీకులు, అందరిదీ ఒకే తిండి. బండిలోవాళ్ళు ఎవరికెవరో. అయినా బండిలోనే ఎక్కువ అంటుకుంది.

మామ: అయితే బతుకమ్మ ఆడొద్దంటవా ఇగ? అందరు గుండ్రంగ తిరుక్కుంట పాడుడే గదా.

అక్క: బతుకమ్మ ఆకాశం కింద ఆడతరు మామా. గాలికి కొట్టుకపోతది. ఆట కంటే ఆటయినంక ఇంటికి పోయే ఆటో పరేషాన్. పన్నెండు మంది ఒకలమీదొకలు, పరదాలు దించి.

మామ: గిది బాగనే ఉన్నది. గని బిడ్డా, ఒక్కటి చెప్పు. షెడ్డుకు కిటికీ పెట్టేది నేనా? షెడ్డు నాదా? పన్నెండు గంటలు వద్దు, ఆరు గంటలు చాలు అంటే నాకు కూలి ఎవలిస్తరు? మీ అత్తమ్మ బీడీల కాడికి పోకుంటె వారం కూలి పోతది. నువ్వు అయిదు ముచ్చట్లు అడుగుతనంటివి. ఆ అయిదిట్ల మా చేతులున్నదెన్ని?

అక్క దగ్గర దీనికి జవాబు లేదు. నా దగ్గరా లేదు. మామ గెలిచిన చోటు లండన్ ముచ్చట కాదు, ఇదే. ఒంటిలో ఉన్నది మనకు కనబడదు. బయట ఉన్నది కనబడుతుంది గానీ మన చేతిలో ఉండదు. ఎవరి చేతిలో ఉందో వాళ్ళకు, షెడ్డు యజమానికి, క్యాంపు కంపెనీకి, బస్సు నడిపే వాళ్ళకు, ఇది వాళ్ళ ప్రమాదంగా కనబడదు. చివరికి ఆ లెక్క మళ్ళీ కూలివాడి ఒంటి మీదికే వస్తుంది: నీకు ఇమ్యూనిటీ లేదు, అందుకే వచ్చింది.

టీకాల వరస గుర్తు చేసుకుంటే ఇది ఇంకా తేటగా కనబడుతుంది. 2021 జనవరి 16న వైద్య సిబ్బందితో మొదలు. రోజూ రోగుల మధ్య ఉండేవాళ్ళు కాబట్టి అది న్యాయం. మార్చి 1 నుంచి అరవై దాటినవాళ్ళు, నలభై అయిదు దాటి జబ్బులున్నవాళ్ళు. ఏప్రిల్ 1 నుంచి నలభై అయిదు దాటిన అందరూ. చావులు తగ్గించడానికి ఆ వరస సరైనదే. పని వల్ల రోజూ వందమంది ఊపిరి పీల్చేవాళ్ళ సంగతి తెలంగాణలో మే నెలాఖరుకు గానీ రాలేదు. ఆటో డ్రైవర్లు, గ్యాస్ బండ్లు తెచ్చేవాళ్ళు, రేషన్ డీలర్లు, కూరగాయల మార్కెట్లలో అమ్మేవాళ్ళు, మంగలి షాపుల వాళ్ళు. వాళ్ళకు ముందుగా టీకా వేయడం మంచి పని, నేను మనసారా మెచ్చుకుంటాను. కానీ ఆ గుంపుకు పెట్టిన పేరు చూడండి: సూపర్ స్ప్రెడర్లు. అందరికంటే ఎక్కువగా రోగానికి ఎదురు నిలబడ్డవాళ్ళను రోగం పంచేవాళ్ళన్నాం. అప్పటికి అత్తమ్మ దినం కూడా అయిపోయింది.

మామ: పేర్లు పెట్టుడుల మనూరు తక్కువ తిన్నదా? మొదటి సాలు కంప కొట్టినం యాదికున్నదా. ఊరి మొదట్ల తుమ్మ కంప అడ్డమేసి నేనే కట్టె పట్టుకొని నిలవడ్డ. బొంబాయి నుంచి వచ్చినోన్ని, దుబాయి నుంచి వచ్చినోన్ని రానియ్యలే. మా బామ్మర్ది భీవండి నుంచి వస్తే బడిల పద్నాలుగు రోజులు పండవెట్టినం. ఆయన ఇప్పటికి నాతోని మంచిగ మాట్లాడడు.

అక్క: కరీంనగర్‌ల ఇండోనేషియా నుంచి వచ్చినోళ్ళకు కరోనా తేలినప్పుడు సుత గంతే. 2020 మార్చి. వాళ్ళతోని బండ్లెక్కినోళ్ళను, రూములల్ల ఉన్నోళ్ళను దొరకవట్టాలె, అది కరెక్టు. ఆ ఊరి తోవ తెల్వని మనిషి తల మీద టోపీ కనవడ్డా పక్కకు జరిగిన్రు. రోగం టోపీల ఉండదు.

మామ: ఆగాగు. నువ్వే అంటివి గదా బయటిది చూడాలె, ఎవల పక్కన ఎంతసేపున్నమో చూడాలె అని. నేను కంప కొట్టుడు కూడ గదే గదా. దూరం పెట్టుడే గదా.

ఈ మాటకు నేను కూడా ఆగిపోయాను. నిజమే. 2020 మే నెలలో ఈ పక్క జిల్లాల్లో తేలిన కేసుల్లో బొంబాయి నుంచి వచ్చిన కూలీలవి చాలా ఉన్నాయి. అక్కడి చాల్‌లలో, ఇరుకు గదుల్లో, ఇంటికి వచ్చే బండ్లలో రాత్రంతా కూర్చుని వచ్చినవాళ్ళు. కొన్ని రోజులు విడిగా ఉంచడం తప్పు కాదు.

అక్క: పద్నాలుగు రోజులు పండవెట్టుడు తప్పనలే మామా. పద్నాలుగు దాటినంక సుత ఆయన ఇంటి బోరు నీళ్ళు ఎవలు తోడుకోలే. అది దూరం కాదు, వెలి. ఇగ కంప తీసేసినంక మనమేం చేసినం? లగ్గాలు హాలులల్ల చేసినం. తలుపులు పెట్టి, ఏసీలేసి. కంప మనుషులకు అడ్డమేసినం. గాలికేమో దర్వాజ ముయ్యలే, తెరవలే. గాలి ముచ్చటే తియ్యలే.

మామ కాసేపు పూల కుప్ప వైపు చూశాడు. వాకిట్లో మా అక్క కూతురు బతుకమ్మను పేర్చుతోంది. ఒక వరస గునుగు, ఒక వరస తంగేడు. అడుగున గుమ్మడాకు. ఆ పిల్ల చేతుల మీదే చూపు పెట్టి, మమ్మల్ని చూడకుండా అడిగాడు.

మామ: నాకు రాలేదని ఎట్ల తెలుసు?

అక్క: ...

మామ: చెప్పు బిడ్డా. నువ్వు సర్వే చేసిన దానివి. జ్వరం రాలే, దగ్గు రాలే. అయినా వచ్చి ఉండొచ్చా?

అక్క: ఉండొచ్చు.

దీనికి మన పొరుగు నుంచే రుజువు ఉంది. మా పక్కనే కామారెడ్డి జిల్లా. జాతీయ పోషకాహార సంస్థ, ఐసీఎంఆర్ కలిసి తెలంగాణలో మూడు జిల్లాల్లో రక్తం తీసి చూశారు: జనగామ, కామారెడ్డి, నల్లగొండ. 2020 మే నెలలో వందకు ఒక్కరిలో కూడా ఆనవాలు లేదు. డిసెంబరుకు వందలో 24 మంది రక్తంలో ఉంది. అదే డిసెంబరు నాటికి రాష్ట్రంలో పరీక్షల్లో తేలిన కేసులు జనాభాలో వందకు ఒకటి కూడా లేవు. అంటే వచ్చినవాళ్ళలో చాలా పెద్ద భాగానికి వచ్చినట్టే తెలియదు. 'నాకు రాలేదు' అనే మాటలో ఉన్న ధీమా ఎంత పలచనో ఈ లెక్క చూశాక నాకు అర్థమైంది. ఆ మాట అన్నవాళ్ళను చూసి మనం మందులూ కషాయాలూ నేర్చుకున్నాం.

మామ: అయితే నేనే తెచ్చిన్నా? షెడ్డు నుంచి?

ఎందుకు ఇన్నేళ్ళు 'దాని ఒంట్ల బలం లేకుండె' అని పట్టుకు కూర్చున్నాడో అప్పుడు తెలిసింది. ఆమె ఒళ్ళే కారణమైతే ఎవరూ తేలేదు. వచ్చింది, పోయింది. గాలి కారణమైతే ఆ గాలిని ఎవరో మోసుకొచ్చి ఉండాలి.

అక్క: తెల్వదు మామా. ఎవలకు తెల్వదు. అత్తమ్మ బీడీల కాడికి పోయింది, పది మందిల కూసున్నది. పింఛన్ లైన్ల నిలవడ్డది. ఎదురింట్ల లగ్గానికి పోయింది. ఏడ అంటుకున్నదో దేవునికే ఎరుక.

మామ: నా మనసు నింపెటందుకు చెప్తున్నవ్.

అక్క: కాదు. వచ్చినోళ్ళల్ల వందకు డెబ్బై మంది ఎవలకు అంటియ్యలే. తమ్ముడు చెప్పిన ఆ ఆంధ్ర లెక్కలనే ఉన్నది. తెచ్చుకున్నోడల్లా అంటిస్తడని లేదు. వచ్చిందని తెలియకముందే అంటుకుంటది, తెలిస్తే ఎవలు ఇంట్ల పండుతరు? తెలియక చేసినదానికి పాపం లేదు.

మామ: నువ్వు మందులు ఇయ్యొస్తివి గదా ఆ వారం.

ఈ మాట మెల్లగా అన్నాడు. తప్పు పట్టినట్టు కాదు. ఏదో గుర్తొచ్చినట్టు.

అక్క: వచ్చిన. జ్వరం సర్వేకు. అత్తమ్మ చాయ పోసింది. మాస్కు కిందికి జరిపి తాగిన. ఆ అర్రలనే కూసున్న, కూలర్ ముందు. ఆ దినం అప్పటికే ముప్పై ఇండ్లు తిరిగి వచ్చిన.

మామ: నీకు పరీక్ష చేసిన్రా అప్పుడు?

అక్క: చేయించుకోలే. జ్వరం లేకుండె నాకు. నీ లెక్కనే.

ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడలేదు. నేను ఇంతవరకు ఎన్నో అధ్యయనాలు చదివాను. ఏ లెక్కలోనూ ఈ రెండు మొహాలు లేవు. ఒకామె ఆ మేలో తన జీతం పని తాను చేసింది, ఒకాయన తన కూలి పని తాను చేశాడు. ఇద్దరికీ సుగరు లేదు, ఇద్దరూ అరవై దాటలేదు అప్పటికి. జాబితా ప్రకారం ఇద్దరికీ ప్రమాదం తక్కువ. ఇద్దరూ ఒకే మూసిన అర్రలో, ఒకే మనిషి ముందు కూర్చున్నారు.

వాకిట్లోంచి పిల్ల పిలిచింది. బతుకమ్మ పేర్చడం అయిపోయింది, శిఖరాన పసుపు గౌరమ్మను పెట్టాలి. అక్క లేచి కొంగు దోపుకుంది. అక్కను ఇచ్చిన ఊరు ఇక్కడికి నాలుగు కిలోమీటర్లు. ఆట అయ్యేసరికి తొమ్మిదవుతుంది, వాడకట్టు వాళ్ళందరూ కలిసి ఒకే ఆటోలో వెళ్ళిపోవడం ప్రతిసారీ అలవాటు.

మామ: ఆటోల ఇరికి పోకు. ఊర్ల అందరికి జ్వరాలున్నయి. ఈడనే పండు నువ్వు, పిల్ల.

అక్క: ఏడ పండాలె మామా?

మామ: ఆ అర్రల. నువ్వు ఆడుకొని వచ్చేటాలకు మొలలు పీకుత. అరే, ఆ పట్కారు ఏడున్నదో చూడురా.

అక్క: దోమలు?

మామ: రేపు సిరిసిల్ల పోయి జాలి కొనుక్కస్త.

పట్కారు సందుగలో, అత్తమ్మ బీడీలు చుట్టే చాట కింద దొరికింది. పద్దెనిమిదేళ్ళు దాటిన మొలలు. మొదటిది తుప్పు పట్టి తల ఊడిపోయింది.